బిగిసిన కాలు: సూది ఎంతవరకు, కసరత్తు ఎంతవరకు?

పక్షవాతం వచ్చి ప్రాణాపాయం నుంచి బయటపడిన వారి ఇళ్లకు మేము వెళ్లినప్పుడు తరచుగా వినిపించే మాట ఒకటి ఉంది. "భాయ్, కాలు కర్రలా బిగిసిపోతోంది. సూదులు వేయిస్తే వదులవుతుందా?" ఇటీవల ఇలా అడిగిన ఒక పెద్దాయన దర్జీ పని చేసేవారు. ఆక్యుపంక్చర్ చేయించుకున్న సాయంత్రం కాలు తేలికగా ఉంటోందనీ, తెల్లారేసరికి మళ్లీ బిగుస్తోందనీ చెప్పారు. రెండింటికీ డబ్బు చాలక ఫిజియోథెరపీ మానేశారు. ఆ ఇంటివారితో ఆ రోజు మేము మాట్లాడిన విషయాలనే ఇక్కడ పాఠంలా రాస్తున్నాము.

కాలు ఎందుకు బిగుస్తుంది?

కండరాన్ని లాగితే అది తిరిగి ముడుచుకోవాలని చూస్తుంది. ఇది వెన్నుపాము స్థాయిలో జరిగే పని. మెదడు దానికి ఎప్పుడూ కళ్లెం వేసి ఉంచుతుంది. స్ట్రోక్ వల్ల మెదడు నుంచి వచ్చే ఆ దారి దెబ్బతింటే కళ్లెం సడలుతుంది, కండరం బిగుసుకుంటుంది. దీన్నే వైద్యులు స్పాస్టిసిటీ అంటారు. ఎంత వేగంగా లాగితే అంత ఎక్కువగా ఎదురు తిరగడం దీని లక్షణం. కాలిలో పిక్క కండరాలు బిగిస్తే పాదం కిందికి వంగి లోపలికి తిరుగుతుంది. మడమ నేలకు ఆనదు. అందుకే రోగి కాలును పక్క నుంచి తిప్పుతూ ఈడ్చి నడుస్తాడు.

ఇది నరాల వల్ల వచ్చే బిగుతు. ఇంకొకటి కూడా ఉంది. కదలికలేని కండరం వారాలు గడిచేకొద్దీ కురచబడి గట్టిపడుతుంది. ఈ రెండింటి తేడా తెలియకపోవడం వల్లనే చాలా కుటుంబాలు డబ్బు, కాలం రెండూ పోగొట్టుకుంటున్నాయి. సూది వల్ల ఉపశమనం దొరికితే మొదటి బిగుతులోనే దొరకాలి. కురచబడిన కండరాన్ని సూది పొడవు చేయలేదు.

సూది గురించి తెలిసినది

ఆక్యుపంక్చర్ చైనా దేశపు ప్రాచీన వైద్యం. కాలి బిగుతుకు మోకాలి చిప్ప కింద నాలుగు వేళ్ల దూరంలో, బయటి పక్కన ఉండే జుసాన్లీ వంటి బిందువుల్లో సన్నని సూదులు ఉంచుతారు. కొందరు వాటికి స్వల్ప విద్యుత్తు కూడా ఇస్తారు. మామూలు చికిత్సకు దీన్ని జోడించినప్పుడు బిగుతు కొంత తగ్గిందని అనేక పరిశోధనలు చెప్పాయి. వాటిలో ఎక్కువ చైనాలో జరిగినవి. అయితే చాలావరకు చిన్నవి, లోపాలున్నవి. స్ట్రోక్ తర్వాతి కోలుకోవడంలో ఆక్యుపంక్చర్‌పై 2016లో వచ్చిన కాక్రేన్ సమీక్ష, మేలు ఉండవచ్చు గానీ అందరికీ మామూలుగా సిఫారసు చేయడానికి నాణ్యమైన ఆధారాలు చాలవని తేల్చింది. కాబట్టి సూదిని తోడుగా పెట్టుకోవచ్చు. దాని కోసం కసరత్తు మానకూడదు. సూది వల్ల కాలు తేలికైతే, ఆ తేలికైన గంటల్లోనే లేచి నిలబడాలి, నడవాలి.

ఇంట్లో చేయవలసినవి

ముందుగా ఫిజియోథెరపిస్టుకు చూపించి, ఆయన చేత్తో చేసి చూపిన తర్వాతే మొదలుపెట్టండి.

1. రోగిని పడుకోబెట్టి, మోకాలు చాపి, మడమను అరచేతిలో పట్టుకుని, పాదాన్ని మెల్లగా పైకి వంచండి. అర నిమిషం అలాగే ఉంచండి. కుదుపు, తొందర వద్దు.

2. సాగదీయడం ఒక్కటే చాలదు. కుర్చీలో కూర్చోబెట్టి, రెండు మడమలూ నేలకు ఆనించి, రెండు కాళ్లపై సమానంగా బరువు వేస్తూ లేచి కూర్చోవడం పదిసార్లు చేయించండి. పక్కన ఒక మనిషి తప్పనిసరి.

3. కదలని బల్లను పట్టుకుని నిలబడి, బలహీనమైన కాలిపైకి కొద్దికొద్దిగా బరువు మార్చడం నేర్పండి.

4. పాదం జారిపోతుంటే చీలమండకు పట్టీ లాంటి సాధనం ఉంటుంది. కొలతకు తగ్గది వైద్యుల సలహాతో తీసుకోండి.

బిగుతు అంతా శత్రువు కాదు. బలం లేని కాలు ఆ బిగుతు ఆసరాతోనే నిలబడుతుండవచ్చు. అందుకే ఎంత తగ్గించాలో వైద్యులే నిర్ణయించాలి. బిగుతు ఒక్కసారిగా పెరిగితే మూత్రంలో ఇన్ఫెక్షన్, మలబద్ధకం, పుండు, లోపలికి పెరిగిన గోరు ఉన్నాయేమో చూడండి. ఇవి కూడా కాలిని బిగిస్తాయి.

కొన్ని జాగ్రత్తలు

రక్తం పలుచబడే మందులు వాడేవారు, గుండెలో పేస్‌మేకర్ ఉన్నవారు, షుగర్ వల్ల కాలికి స్పర్శ తగ్గినవారు ఆ సంగతి సూదులు వేసేవారికి ముందే చెప్పాలి. ఒకసారి వాడి పారేసే సూదులే వాడాలని అడగడం మీ హక్కు. హిజామా, ఆక్యుపంక్చర్ ఒకటి కావు. హిజామాలో చర్మంపై గాట్లు పెడతారు కాబట్టి రక్తం పలుచబడే మందులు వాడేవారు డాక్టరును అడగకుండా చేయించుకోరాదు.

రంజాన్ నెలలో మరో ప్రమాదం ఉంది. బిగుతుకు ఇచ్చే బాక్లోఫెన్ మాత్రలు సాధారణంగా రోజుకు మూడుసార్లు వేసుకోవాలి. ఉపవాసం కోసం వాటిని హఠాత్తుగా ఆపితే ఫిట్స్, భ్రమలు రావచ్చు. రోగికి షరీఅత్ సడలింపు ఇచ్చింది. షాబాన్ నెలలోనే డాక్టరుతో మాట్లాడి నిర్ణయించుకోండి.

సూదులు వేయించే ముందు బిగుతు అంకెను ఫిజియోథెరపిస్టుతో రాయించుకోండి. 0 నుంచి 4 వరకు ఉండే యాష్‌వర్త్ కొలమానం అందరు నిపుణులకూ తెలిసినదే. నడకకు పట్టే సమయం కూడా రాసుకోండి. నెల తర్వాత అంకె, సమయం రెండూ మారకపోతే ఆ డబ్బు వేరే అవసరానికి మిగులుతుంది.

ఆ దర్జీ గారి ఇంట్లో మేము ఒక చిన్న ఏర్పాటు చేసి వచ్చాము. ఐదు పూటల నమాజుకు ముందు కొడుకు తండ్రి పాదాన్ని మెల్లగా సాగదీస్తాడు, ఆపైన కుర్చీ నుంచి లేపి కూర్చోబెడతాడు. రోజుకు ఐదుసార్లు గుర్తు చేసేందుకు గడియారం అక్కర్లేదు, అజాన్ ఉంది. కాలు ఎంతవరకు వదులవుతుందో మేము మాట ఇవ్వలేము. కానీ కండరం కురచబడకముందే మొదలుపెట్టడం మన చేతిలో ఉంది.