ఎదుటివారి మాట, ఎదుటివారి మనసు



2024 ఆగస్టు 21న అచ్యుతాపురం ప్రత్యేక ఆర్థిక మండలిలోని ఒక ఔషధ కర్మాగారంలో జరిగిన ప్రమాదంలో 17 మంది మరణించారు. అటువంటి దుర్ఘటన తరువాత ఒక ఇంట్లో రాగల వాదనను ఊహించండి. “ఆ కంపెనీ పనికి వెళ్లొద్దు నాయనా” అంటుంది తల్లి. “నీకు భయం పట్టుకుందమ్మా, అంతే” అంటాడు కొడుకు. “నీకు జీతం మీద ఆశరా, అంతే” అంటుంది తల్లి. ఇద్దరూ ఒకరి మనసును ఒకరు తూచారు. ఒకరి మాటకు ఒకరు జవాబు మాత్రం చెప్పలేదు.

ఇక్కడ రెండు ప్రశ్నలున్నాయి. “ఈమె ఇలా ఎందుకు అంటున్నది?” అని అడిగేది మనస్తత్వశాస్త్రం. “ఈమె అన్నది నిజమేనా?” అని అడిగేది తత్త్వశాస్త్రం. మొదటి ప్రశ్నకు జవాబు దొరికినంత మాత్రాన రెండవ ప్రశ్న తీరిపోదు. తల్లి భయంతోనే అని ఉండవచ్చు. అంతమాత్రాన అక్కడ అపాయం లేదని తేలదు. కొడుకు ఆశతోనే అని ఉండవచ్చు. అంతమాత్రాన ఇంటి అవసరం అబద్ధం కాదు.

ఈ రెండు శాస్త్రాలూ ఒకే ఇంటి బిడ్డలు. 1879లో జర్మనీలోని లైప్‌జిగ్‌లో మనస్తత్వ ప్రయోగశాలను స్థాపించిన విల్‌హెల్మ్ వుంట్ అక్కడ తత్త్వశాస్త్ర ఆచార్యుడే. మన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో మనస్తత్వశాస్త్ర విభాగానికి పునాది వేసిన ఆచార్య కోనేరు రామకృష్ణారావు, తరువాతి కాలంలో భారతీయ తత్త్వశాస్త్ర పరిశోధనా మండలికి అధ్యక్షులయ్యారు.

మరి వాదనలో ఈ రెండింటినీ ఎలా కలపాలి? మన తర్కశాస్త్రంలో ముందు పూర్వపక్షం, అంటే ఎదుటివారి వాదం, చెప్పి, ఆ తరువాతే సిద్ధాంతం చెబుతారు. 13వ శతాబ్దంలో పునీత తోమాసు అక్వినాసు వారు కూడా తమ గ్రంథంలో దేవుడున్నాడా అనే ప్రశ్న వచ్చినప్పుడు, లేడనేవారి రెండు ఆక్షేపణలనే ముందు వ్రాశారు: లోకంలో చెడుగు ఉన్నది కదా అని ఒకటి, ప్రకృతే అన్నిటికీ కారణం కావచ్చు కదా అని మరొకటి. ఆ తరువాతే తమ సమాధానం చెప్పారు.

అమెరికా మనస్తత్వవేత్త కార్ల్ రోజర్స్ 1951లో ఒక ప్రసంగంలో ఒక నియమం సూచించారు. ఎదుటివారి ఆలోచనను, భావాన్ని వారికి తృప్తి కలిగేలా తిరిగి చెప్పిన తరువాతే మన మాట చెప్పాలి. పూర్వపక్షం మాటను పట్టుకుంటే, ఈ నియమం మాట వెనుక ఉన్న మనసును కూడా పట్టుకుంటుంది.

అలా చేస్తే ఆ కొడుకు, “అమ్మా, నేను ఇంటికి తిరిగి రానేమోనని నీ భయం, అంతేనా?” అంటాడు. తల్లి, “అప్పు నీ ఒక్కడి మీదే పడిందని నీ బాధ, అవునా నాయనా?” అంటుంది. అప్పుడే అసలు ప్రశ్నలు బయటికి వస్తాయి. అక్కడ రక్షణ ఏర్పాట్లు ఏమున్నాయి? శిక్షణ ఇస్తున్నారా? వేరే పని దొరుకుతుందా?

అర్థం చేసుకోవడమంటే ఒప్పుకోవడం కాదు. ఒప్పుకోకపోయినా అర్థం చేసుకోవచ్చు. ఈ వారం మీ ఇంట్లో మాటకు మాట పెరిగినప్పుడు, జవాబిచ్చే ముందు ఎదుటివారి మాటను ఒక్కసారి మీ నోటితో చెప్పి చూడండి. “అవును, నేనన్నది అదే” అని వారు అన్నాక మీ జవాబు మొదలుపెట్టండి.