తీగ లేని ఇంపాక్ట్ డ్రైవర్: ఏది కొనాలి, ఎలా వాడాలి

సెలవుల్లో రేకుల పనికి పోయేవాళ్లు మన హాస్టల్లో చాలామందే ఉన్నారు. వాళ్ల కోసమే ఈ వ్యాసం. విజయవాడ ఆటోనగర్లో లారీ బాడీలు కట్టే చోట చూసినా, కైకలూరు వైపు చేపల చెరువుల గట్ల మీద మేత షెడ్లు వేసే చోట చూసినా, మేస్త్రీల చేతిలో పొట్టి మూతి మిషను ఒకటి టకటకమంటూ ఉంటుంది. చాలామంది దాన్ని డ్రిల్లింగ్ మిషను అంటారు గానీ అది వేరు, ఇది వేరు.

తుప్పు పట్టిన బోల్టు పానాకు లొంగకపోతే మెకానిక్ ఏం చేస్తాడు? పానా చివర సుత్తితో ఠంగుమని ఒకటి వేస్తాడు. ఒత్తిడికి కదలనిది దెబ్బకు కదులుతుంది. ఇంపాక్ట్ డ్రైవర్ లోపల జరిగేది కూడా అదే. అందులో స్ప్రింగు ఆనించిన ఒక సుత్తి, దాని ఎదుట రెండు చెవులున్న ఒక దాగలి ఉంటాయి. మర తేలిగ్గా దిగుతున్నంతసేపు రెండూ కలిసే తిరుగుతాయి. మర బిగుసుకోగానే సుత్తి వెనక్కి జారి, చెవిని దాటి, స్ప్రింగు ఊపుతో వచ్చి తర్వాతి చెవిని కొడుతుంది. ఇట్లా నిమిషానికి 3,000 పైన దెబ్బలు పడతాయి. దెబ్బ చాలా కొద్దిసేపే కాబట్టి ఆ మెలిక మన చేతిదాకా రాదు. మామూలు డ్రిల్లు అయితే మర ఆగినప్పుడు మన మణికట్టునే తిప్పేస్తుంది.

మా బాబాయికి అట్లాగే అయింది. రెండేళ్లు డ్రిల్లుతోనే రేకులు బిగించి కుడి మణికట్టు వాచింది. పని మానితే ఇల్లు గడవదు. అందుకని పదిహేను రోజుల కూలి పోగేసి ఇది కొందామన్నాడు. డబ్బాల మీద రాసింది చదివే పని నాకు పడింది.

ఒక డబ్బా మీద 18 వోల్టులని, పక్కదాని మీద 20 అని ఉంది. 20 గొప్పదనుకోకండి. లోపల ఉండేవి అవే 5 సెల్లులు. సెల్లుకు 3.6 చొప్పున 18. చార్జింగు నిండగానే ఒక్కో సెల్లు 4 దాటుతుంది, ఆ లెక్కతో 20 అని రాస్తారు. టార్కు 150 న్యూటన్ మీటర్లు అంటే, మీటరు పొడుగు గడ చివర 15 కిలోల బియ్యం మూట వేలాడదీసినంత తిప్పే బలం. (సైన్సు సార్ చెప్పిన 9.8తో గుణించి చూడండి.) రేకులకు ఇది చాలు. బీరువాలు, తలుపుల పనికైతే 12 వోల్టులదే తేలిక. కార్బన్ బ్రష్షులు లేని మోటారు కాస్త ఖరీదే గానీ అరిగే బ్రష్షులుండవు, ఒక్క చార్జింగుతో ఎక్కువ పని చేస్తుంది. నా ఉద్దేశంలో అన్నిటికన్నా ముందు చూడాల్సింది బ్యాటరీ. ఒక కంపెనీ బ్యాటరీ సాధారణంగా ఇంకో కంపెనీ మిషనుకు పట్టదు. రిపేరు ఊళ్లో దొరికే కంపెనీ అయితేనే కొనాలి. బాబాయి బ్రష్షు లేనిది, 4 ఆంపియర్ అవర్ బ్యాటరీ ఒక్కదానితో తీసుకున్నాడు. రెండోది సంక్రాంతికట.

ఇక వాడకం. మిషను మన చేతిని కాపాడుతుంది గానీ మరను కాపాడదు! రేకు మర కింద రబ్బరు వాషరు ఉంటుంది కదా, అది కొంచెం అణగ్గానే ట్రిగ్గరు వదిలెయ్యాలి. ఇంకా నొక్కితే రబ్బరు పక్కకు పొంగి చిరుగుతుంది, వానకు కారుతుంది. వదులుగా వదిలేసినా తప్పే, గాలికి రేకు లేస్తుంది. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచిన డెల్టా ఇది, తుపాను గాలికి ప్రతి మరా లెక్కే. మర నిటారుగా పెట్టి, మెల్లగా మొదలుపెట్టి, వెనకనుంచి గట్టిగా ఆనించాలి. లేకపోతే బిట్టు జారి తల అరుగుతుంది.

టేకులాంటి గట్టి చెక్కకు ముందు సన్నగా బెజ్జం వెయ్యాలి. మడతబందుల ఇత్తడి మరలు దెబ్బలకు విరుగుతాయి, వాటిని చేత్తోనే బిగించడం మేలు. ఇంపాక్ట్ అని రాసి ఉన్న బిట్లే వాడాలి. తళతళలాడే మామూలు సాకెట్లు పగలొచ్చు, నల్లవి కొనండి. లారీ చక్రాల నట్లకు ఇది సరిపోదు, వాటికి పెద్ద ఇంపాక్ట్ రెంచి వేరే ఉంది. కళ్లద్దాలు తప్పనిసరి. చెవులకు కూడా అడ్డం పెట్టుకోవాలి, రేకు మీద ఆ మోత తట్టుకోలేం.

బ్యాటరీని ఎండలో రేకు మీద వదలొద్దు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్ నగర్ మునిగింది గదా, అట్లా నీళ్లలో నానిన బ్యాటరీని ఎండబెట్టి మళ్లీ చార్జింగు పెట్టకండి. అది అంటుకుంటుంది. ఇంటికి దూరంగా పెట్టి, కంపెనీ సర్వీసు వాళ్లకు అప్పగించాలి.