స్పీకర్లు ఎక్కడ పెట్టాలి?

శబ్దశాస్త్రం పరీక్షల కోసమే అనుకునేవాణ్ణి. మా నాయనమ్మ ఒక్క మాటతో ఆ భ్రమ పోగొట్టింది.

నాట్ల రోజుల్లో ఇంటికి వెళ్ళినప్పుడు ఆమె పాడే పాట రికార్డు చేసి, దానికి మిత్రుడి డోలక్ జోడించి, ఇంట్లోనే కంప్యూటరు మీద మిక్సింగు చేశాను. గదిలో బ్రహ్మాండంగా ఉంది. తీరా ఊళ్ళో మైకుసెట్టులో వేస్తే డోలక్ రేకుడబ్బాలా మోగింది, పాట పీలగా వచ్చింది. "ఒరే, ఇది నా గొంతు కాదురా" అంది నాయనమ్మ.

తప్పు స్పీకర్లది కాదు, వాటిని పెట్టిన చోటుది. రెంటినీ గది మూలల్లో పెట్టి, వెనక గోడకు ఆనుకుని విన్నాను. మంద్రస్వరాల తరంగాలు చాలా పొడవు. అవి స్పీకరు చుట్టూ వ్యాపించి, దగ్గరి గోడలకు తగిలి, అసలు శబ్దంతో కలిసి బలపడతాయి. ఒక్కో గోడ వల్ల 6 డెసిబెల్ల దాకా పెరగవచ్చు. నాకు వినిపించిన ఆ బరువు గదిది. అది పాటదే అనుకుని తగ్గించేశాను. బయట గది లేదు, బరువూ లేదు!

సరే, స్పీకర్లను గోడకు 75 సెంటీమీటర్లు ముందుకు జరిపాను. ఇప్పుడు డోలక్ బోలుగా వినిపించింది. లెక్క వేద్దాం. ధ్వని వేగం సెకనుకు సుమారు 345 మీటర్లు. 115 హెర్ట్జ్ తరంగదైర్ఘ్యం 3 మీటర్లు. గోడదాకా పోయి తిరిగొచ్చే తరంగానికి 1.5 మీటర్లు అదనపు ప్రయాణం, అంటే సరిగ్గా సగం తరంగం. శృంగం మీద ద్రోణి పడి ఆ స్వరం క్షీణిస్తుంది. ఇది మనం చదివిన వ్యతికరణమే.

చివరికి కుదిరిన పద్ధతి ఇది. గది పొడవు 4 మీటర్లు, వెడల్పు 3. స్పీకర్లు పొడవు దిశగా చూడాలి. రెండు స్పీకర్లూ, మన తలా సమబాహు త్రిభుజం కావాలి. నేను భుజం 1.4 మీటర్లు తీసుకున్నాను. ముందు గోడకు 30 సెంటీమీటర్లు, పక్క గోడలకు 80. ఈ దూరాలు సమానమైతే రెండు గోడల లోపాలూ ఒకే స్వరం మీద పడతాయి. 30 సెంటీమీటర్లకు ఆ లోపం 290 హెర్ట్జ్ దగ్గరికి పోతుంది. అక్కడ స్పీకర్ల వెనక నిలబెట్టిన పత్తిపరుపు కొంత పని చేస్తుంది. గోడ పెంచే మంద్రాన్ని స్పీకరు వెనక మీటతో కాస్త తగ్గించాను. ట్వీటర్ చెవి ఎత్తులో ఉండాలి. గది నట్టనడుమ కూర్చోకూడదు. పొడవు వల్ల పుట్టే 43 హెర్ట్జ్ నిశ్చలతరంగం అక్కడ దాదాపు వినబడదు. ముందు గోడకు మీటరున్నర దూరం మేలు.

ఇక అద్దం పరీక్ష. మీరు కుర్చీలో కూర్చోండి. తమ్ముణ్ణి పక్క గోడ వెంబడి అద్దం జరపమనండి. స్పీకరు ఎక్కడ కనిపిస్తే అక్కడ మందపాటి బొంత వేలాడదీయండి. పతనకోణం, పరావర్తనకోణం సమానం కదా! కాంతికి ఉన్న న్యాయమే శబ్దానికీ.

మళ్ళీ మిక్సింగు చేసి అదే మైకుసెట్టులో వేశాను. నాయనమ్మ ఆసాంతం విని, "రెండో చరణం తప్పు పాడానురా, మళ్ళీ పట్టు" అంది. ఈసారి అది తన గొంతేనని ఒప్పుకున్నట్టే!

మిత్రులారా, కొత్త స్పీకర్లకు డబ్బు పోసేముందు ఒక కొలతటేపు, ఒక అద్దం చేతపట్టండి. సగం జబ్బు అక్కడే నయమవుతుంది.