రెండు పెగ్గులకే ఆగుదామని కూర్చుంటాను, ఆగలేను!

సమస్య:
మేడమ్, నాకు 22 ఏళ్లు. హైదరాబాద్‌లో ఎమ్మెస్సీ ఆఖరి సంవత్సరం. రూమ్‌లో నలుగురం ఉంటాం. శనివారం వచ్చిందంటే సిట్టింగ్ ఖాయం. రెండు పెగ్గులకే ఆపేద్దామని కూర్చుంటాను. అవి ఎప్పుడు నాలుగవుతాయో, సీసా ఎప్పుడు ఖాళీ అవుతుందో తెలీదు. మొన్నొక రాత్రి ఏం జరిగిందో ఒక్క ముక్క గుర్తులేదు. బండి తీయబోతే తాళం లాక్కున్నామని పొద్దున మావాళ్లు చెప్పి నవ్వారు. నాకు మాత్రం భయమేసింది. వాళ్లు మంచివాళ్లే, దూరం కాలేను. హద్దులో ఉండే దారి ఉందా? ఇంట్లో తెలిస్తే నాన్న తట్టుకోలేరు.
- ఒక విద్యార్థి, హైదరాబాద్

సలహా:
బాబూ, నీ భయం సరైనదే. ఆ రాత్రి నువ్వు నిద్రపోలేదు. నడిచావు, మాట్లాడావు, మెదడు మాత్రం అవేవీ దాచుకోలేదు. ఖాళీ కడుపుతో, గబగబా తాగితే ఇలా జరుగుతుంది.

పూర్తిగా మానేస్తేనే మేలని ముందే చెప్పేస్తున్నాను. ఇంతవరకు తాగితే ఏమీ కాదనే కొలత లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టంగానే చెప్పింది. ఇక నువ్వడిగిన హద్దు సంగతి.

రెండు పెగ్గులన్నావు. ఏ పెగ్గు? 30 మి.లీ. స్మాలా, 60 మి.లీ. లార్జా, స్నేహితుడు ప్రేమగా కంటితో కొలిచి పోసిందా? 42.8 శాతం విస్కీ 30 మి.లీ.లో సుమారు 10 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. క్వార్టర్ అంటే అలాంటివి ఆరు. ‘బీరే కదా’ అనుకునే 650 మి.లీ. స్ట్రాంగ్ బీరులోనూ మూడున్నర, నాలుగు స్మాళ్లంత ఉంటుంది. లివర్ గంటకు కరిగించేది దాదాపు ఒక్క స్మాలే. మజ్జిగైనా, నిమ్మరసమైనా, తలమీద చన్నీళ్లైనా దాన్ని తొందరపెట్టలేవు.

అందుకే నీ గ్లాసు నువ్వే, కొలిచి పోసుకో. సగం ఖాళీ కాగానే ఎవరో నింపేస్తుంటారు చూడు, లెక్క తప్పేది అక్కడే. గ్లాసు పూర్తయ్యేదాకా ఎవర్నీ పోయనివ్వకు. ఆ తర్వాత ఒక గ్లాసు మంచినీళ్లు తాగాకే రెండోది. మన సిట్టింగుల్లో బిర్యానీ ఆఖర్న వస్తుంది, ఎంత తెలివితక్కువ ఏర్పాటో! భోంచేసి కూర్చో. ఫుల్ బాటిల్ తెప్పించనే వద్దు. ఎదురుగా ఉంటే ఖాళీ అయ్యేదాకా ఎవరూ లేవరు.

ఈ హద్దు సంగతి రూమ్మేట్లకు శనివారం రాత్రి పదింటికి కాదు, శుక్రవారం టీ తాగుతూ చెప్పు. ‘ఆ రాత్రి నాకేమీ గుర్తులేదు, భయమేసింది, నాకు రెండు స్మాళ్లే’ అను. సాకులు వెతక్కు. తాళం లాక్కున్నవాళ్లు ఈ మాటా వింటారు.

ఇక బండి. మొదటి గ్లాసుకు ముందే, ఆ రోజు తాగనివాడి చేతికి తాళం ఇచ్చెయ్యి. 100 మి.లీ. రక్తంలో ఆల్కహాల్ 30 మి.గ్రా. దాటితే, మొదటిసారికే పది వేల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. అయితే క్యాబ్ బుక్ చేసుకున్నాం కదా అని ఇంకో రెండు పోసుకునే కుర్రాళ్లూ ఉన్నారు. క్యాబ్ ఇంటికి చేరుస్తుందంతే, గ్లాసును తగ్గించదు.

మీలో ఎవరైనా స్పృహ తప్పితే ‘పడుకోనీలే’ అని వదలకండి. కడుపులో మిగిలింది ఇంకా రక్తంలోకి ఎక్కుతూనే ఉంటుంది. పక్కకు తిప్పి పడుకోబెట్టి, దగ్గర ఒకరు కూర్చోండి. లేపినా లేవకపోయినా, శ్వాస తేడాగా ఉన్నా వెంటనే 108కి ఫోన్ చేయండి.

ఈ శనివారం మాత్రం సిట్టింగ్ మానెయ్. తర్వాత ఒక నెల ఈ పద్ధతిలో చూడు. హద్దు మళ్లీ మళ్లీ దాటుతుంటే నీకు ‘కొంచెం’ పడదని అర్థం, అప్పుడిక మానడమే. అదీ నీ వల్ల కాకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి ఫోన్ చెయ్. ఉచితం, రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులోనే మాట్లాడొచ్చు.