కణములోని స్విచ్చి – రాస్ ప్రోటీన్



కణము పెరుగుతుంది, రెండుగా విడిపోతుంది అని మనము సైన్సులో చదివినాము. కానీ ఎప్పుడు పెరగాలి, ఎప్పుడు ఆగాలి అని దానికి ఎవరు చెబుతారు? దాని గురించి రాస్తున్నాను.

దెబ్బ తగిలి తోలు చీలితే, చుట్టూ ఉండే కణములకు “పెరగండి” అని కబురు వస్తుంది. ఆ కబురును అందుకొనేవాటిలో రాస్ అనే చిన్న ప్రోటీను ఒకటి. అది కణపు పొరకు లోపలి వైపు అంటుకొని ఉంటుంది. సుమారు 189 అమైనో ఆమ్లములు పూసల దండ మాదిరి చేరి, ముద్దగా ముడుచుకుంటే రాస్ అవుతుంది.

రాస్ ఒక స్విచ్చి. అది జీడీపీని పట్టుకొని ఉంటే ఆఫ్, జీటీపీని పట్టుకుంటే ఆన్. జీడీపీకి రెండు ఫాస్ఫేటులు, జీటీపీకి మూడు. అంతే తేడా. మూడు ఫాస్ఫేటులు ఉండే ఏటీపీని 1929లో కనిపెట్టినవారిలో మన భీమవరములో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు ఉన్నారు. జీటీపీ ఆ ఏటీపీకి చెల్లెలు వంటిది.

మూడో ఫాస్ఫేటు రాగానే రాస్‌లో రెండు భాగములు దాని వైపుకు జరిగి, ఆకారము మారుతుంది. అప్పుడే రాఫ్ అనే ప్రోటీను వచ్చి రాస్‌కు అతుక్కుంటుంది. కబురు రాఫ్ నుంచి మెక్‌కు, మెక్ నుంచి ఎర్క్‌కు, ఆఖరుకు కేంద్రకములోకి పోతుంది. కణము విభజనకు సిద్ధమవుతుంది.

మరి ఆపేది ఎట్లా? గ్యాప్ అనే ప్రోటీను తన వేలు వంటి భాగమును రాస్‌లోకి దూరుస్తుంది. మూడో ఫాస్ఫేటు తెగిపోతుంది. స్విచ్చి ఆఫ్.

మన పక్క బోరు మోటారు అందరికీ తెలుసు. మడి తడిసినాక ఆపాలి. ఆపే బటను పట్టుకుపోతే మోటారు తిరుగుతానే ఉంటుంది, బోరులో నీళ్లు అయిపోతాయి. రాస్‌కు కూడా ఇట్లే జరుగుతుంది. వేలు దూరేచోట, 12వ స్థానములో, గ్లైసిన్ ఉంటుంది. అమైనో ఆమ్లములలో అన్నిటికన్నా చిన్నది అదే. కాబట్టి వేలికి సందు ఉంటుంది. అక్కడికి ఇంకో పెద్దది వస్తే సందు మూసుకుపోతుంది, స్విచ్చి ఆగదు. మూత్రాశయ క్యాన్సరు కణములలో జన్యువులో ఒక్క అక్షరము మారి, గ్లైసిన్ బదులు వాలిన్ వచ్చిందని 1982లో తెలుసుకున్నారు.

ఇది మనకెందుకు అంటారేమో. మా తండాలో ఒకామెకు పెద్దపేగు క్యాన్సరు వచ్చింది. పాపము తగిలింది అన్నారు. ఆమెకు పళ్లెము, చెంబు వేరే పెట్టినారు. మా యాడి కూడా నన్ను దగ్గరికి పోవద్దనింది. పెద్దపేగు క్యాన్సర్లలో 100కి సుమారు 40 రాస్ జన్యువు మారినవే. ఎక్కువగా ఈ మార్పు పుట్టినాక, ఆ పేగు కణములోనే వస్తుంది. పాపానికీ దీనికీ సంబంధము లేదు. ఒకే పళ్లెములో తింటే అంటుకోదు.

రాస్ నున్నగా ఉంటుంది, మందు పట్టుకొనే చోటే లేదని చాలా ఏండ్లు అనుకున్నారు. 2013లో ఒక చిన్న గుంత కనిపెట్టినారు. 12వ స్థానములో సిస్టీన్ వచ్చిన ఊపిరితిత్తుల క్యాన్సరుకు సోటోరాసిబ్ అనే మందును 2021లో అమెరికాలో అనుమతించినారు. అన్ని రాస్ మార్పులకూ అది పనిచేయదు.

సెలవులకు పోయినప్పుడు ఇంట్లో చెప్పండి. మలములో రక్తము పడినా, గడ్డ కనిపించినా దాచుకోకుండా ఆసుపత్రికి పోవాలి. జబ్బు మనిషి పక్కన కూర్చొని అన్నము తినవచ్చు.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని