రేడియోలో పనిచేస్తున్నారా? ఆ నంబరు సంగతి కాస్త చూసుకోండి

ఎఫ్‌ఎం స్టేషన్ చేతులు మారిందంటే ముందు ప్లేలిస్టు మీద, తర్వాత రాత్రి షోల మీద కత్తి పడుతుంది. ఆపైన ఒకరోజు మీటింగ్‌లో ప్రోగ్రామింగ్ హెడ్ "మీ షోకి నంబర్లు రావట్లేదండీ" అంటారు. వెంటనే తల దించుకునే ఆర్.జె.లే ఎక్కువ. ఏ నంబర్లు, ఎవరు కొలిచారు, ఎక్కడ కొలిచారు అని మర్యాదగానే అడగండి.

అడగడానికి కారణం ఉంది. టామ్ సంస్థ రేడియో శ్రోతల్ని కొలవడానికి 2007లో మొదలుపెట్టిన రామ్ రేటింగ్స్ ముంబయి, ఢిల్లీ, బెంగళూరు, కోల్‌కతాలకే పరిమితమయ్యాయి. హైదరాబాద్‌కే చోటు దక్కలేదు, ఇక విజయవాడ, విశాఖల మాట చెప్పేదేముంది! ఆ నాలుగు నగరాల్లోనూ పద్ధతి డైరీయే. కొన్ని వందల మందికి డైరీలిచ్చి ఏ పావుగంట ఏ స్టేషన్ విన్నారో రాయించుకునేవారు. వారం చివర గుర్తుచేసుకుని రాసేవాళ్లు పేరు బాగా నోట్లో నానిన స్టేషన్‌కే టిక్కు పెట్టేసేవారు. మన ఊళ్లలో స్టేషన్లు చూపించేవి చాలావరకు ఐఆర్‌ఎస్ (ఇండియన్ రీడర్‌షిప్ సర్వే) లాంటి సర్వేల పాత లెక్కలో, సొంత ఖర్చుతో చేయించుకున్నవో. వాటివల్ల ఊళ్లో రేడియో వినేవాళ్లు ఎందరో తెలియొచ్చు గానీ, మీ ఏ లింకు దగ్గర జనం స్టేషన్ మార్చేశారో తెలియదు.

రీచ్ (ఎంతమంది విన్నారు), టైమ్ స్పెంట్ (ఎంతసేపు విన్నారు), షేర్ (ఊరి మొత్తం వినికిడిలో మీ వాటా) అనే మూడు మాటలు విడివిడిగా అర్థమైతే సగం భయం పోతుంది. వారానికి 1,000 మంది తలా 10 గంటలు వింటే మొత్తం 10,000 గంటలు. కొత్త ఫార్మాట్ వచ్చాక శ్రోతలు 2,000 అయ్యి, తలా 4 గంటలే వింటే 8,000. హోర్డింగ్ మీద "శ్రోతలు రెట్టింపు" అని వేసుకోవచ్చు. ఊరి మొత్తం వినికిడి మారకపోతే షేరు మాత్రం పడిపోయినట్టే. రెండూ నిజాలే. మీ ముందు ఏది పెట్టారో చూసి, రెండోది కూడా అడగండి.

కొలత నిబంధనలూ మారుతుంటాయి. అమెరికా పెద్ద నగరాల్లో నీల్సన్ సంస్థ ప్యానెల్ సభ్యులకు చిన్న మీటరిస్తుంది. ప్రసారంలో కలిపిన, చెవికి అందని కోడ్‌ని అది పట్టుకుంటుంది. ఒక పావుగంట లెక్కకి రావాలంటే అందులో కనీసం 5 నిమిషాలు వినాలనేవారు. 2025 జనవరి నుంచి 3 నిమిషాలు చాలన్నారు. ఎవరూ ఒక్క పాట అదనంగా వినకుండానే అంకెలు పెరిగాయి. పాత నిబంధన నంబర్లతో కొత్తవి పోల్చి ఇంక్రిమెంట్ తేల్చే బాసు ఎక్కడైనా ఉంటాడు, జాగ్రత్త.

కాబట్టి మీ లెక్క మీరు రాసుకోండి. ఏ తేదీన ఏ పోటీకి ఎన్ని కాల్స్, ఎన్ని వాట్సాప్ వాయిస్ మెసేజ్‌లు, ఏయే ఊళ్ల నుంచి వచ్చాయో ఒక షీటు చాలు. శ్రోతల ఫోన్ నంబర్లు మాత్రం ఇంటికి తీసుకెళ్లకండి, అవి మీవి కావు. మంచి లింకుల ఎయిర్‌చెక్స్ (రికార్డింగులు) అనుమతి అడిగి దాచుకోండి. షో పేరుతో నడిచే సోషల్ మీడియా పేజీ మీదో స్టేషన్‌దో కాంట్రాక్టులో చూడండి. స్టేషన్ అమ్ముడయ్యాక తేల్చుకుందామంటే కుదరదు. అన్నిటికంటే బలమైన రుజువు సేల్స్ వాళ్ల దగ్గర ఉంటుంది. మీ షోలో స్పాట్లు వేయించుకున్న చీరల కొట్టాయన రెండోసారి ఆర్.ఓ. (ప్రకటన ఆర్డరు) ఇచ్చాడంటే, ఏ డైరీ కన్నా నేను దాన్నే నమ్ముతాను. సేల్స్ వాళ్లతో టీ తాగడం ఆర్.జె.లకి నామోషీ అనే పాత జబ్బు ఇంకా పోలేదు.

ఇక ఉద్యోగం మారేవాళ్లకి. ప్రైవేటు ఎఫ్‌ఎం లైసెన్సుల మూడో దశకి (ఫేజ్ 3) మారిన పాత స్టేషన్ల లైసెన్సు గడువు 2030 మార్చితో ముగుస్తుంది. యజమానులు అమ్మాలా, ఉంచాలా అన్నది ఈ తేదీని బట్టీ ఆలోచిస్తారు. మరోపక్క 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం 234 కొత్త పట్టణాల్లో 730 ఛానళ్ల వేలానికి ఆమోదం తెలిపింది. అందులో కాకినాడ, కర్నూలు, ఖమ్మం, నిజామాబాద్ లాంటివి ఉన్నాయి. అనుమతికీ ప్రసారానికీ మధ్య చాలా దూరం. ఆ ఆశతో చేతిలో ఉన్నది వదులుకోకండి. పిలుపొస్తే మాత్రం జీతం కన్నా ముందు ఒకటి అడగండి: రోజులో ఎన్ని గంటలు ఆ ఊరి స్టూడియో నుంచే మాట్లాడతారు, ఎన్ని గంటలు హైదరాబాద్ నుంచి వచ్చే నెట్‌వర్క్ షో? లోకల్ గంటలు రెండో మూడో అయితే, ఆ స్టేషన్‌కి కావలసింది ఒక్క గొంతే.