కాలువ కలవాడు చేను కొనవచ్చునా?

చేతినిండా సొమ్మున్న సాంకేతిక సంస్థ ఒక వార్తాసంస్థను కొనడం మంచిదా, కాదా? నేను బి.ఎస్సీ. విద్యార్థిని, వాణిజ్యశాస్త్రం తెలిసినవాణ్ణి కాను. అయినా ఈ ప్రశ్న మన జిల్లా గడప తొక్కినదే గనుక సాహసించి రాస్తున్నాను. తప్పులుంటే కామర్సు మిత్రులు మన్నించాలి.

గుడివాడ దగ్గర పెదపారుపూడిలో రైతు కుటుంబంలో పుట్టిన రామోజీరావు 1962లో మార్గదర్శి చిట్‌ఫండ్, 1974లో విశాఖపట్నంలో 'ఈనాడు', 1995లో ఈటీవీ ప్రారంభించారు. ఆ ఈటీవీ సంస్థల్లోకి తర్వాత రిలయన్స్ డబ్బు వచ్చింది. 2012 జనవరిలో ప్రకటించిన ఒప్పందం ప్రకారం టీవీ18కి దక్కవలసిన వాటాలివి: ఇతర భాషల వార్తా ఛానళ్ళు మొత్తం, తెలుగేతర వినోద ఛానళ్ళలో సగం, తెలుగు ఛానళ్ళలో మాత్రం 24.5 శాతం. టీవీ18 అప్పట్లో నెట్‌వర్క్18 కుటుంబంలోది. దానికి కావలసిన పెట్టుబడి కూడా ఒక ట్రస్టు ద్వారా రిలయన్సే సమకూర్చింది. 2014లో నెట్‌వర్క్18 పగ్గాలే రిలయన్స్ చేతికి వచ్చాయి.

చమురు శుద్ధి చేసే కంపెనీకి సీరియళ్ళతో పనేమిటి? కిటుకంతా ఇక్కడే ఉంది. 2010లో రిలయన్స్ ఇన్ఫోటెల్ అనే బ్రాడ్‌బ్యాండ్ సంస్థను కొన్నది. ఆ ఛానళ్ళ కార్యక్రమాలు ఇన్ఫోటెల్‌కు ప్రాధాన్యంతో అందే ఏర్పాటు 2012లోనే చేసుకున్నారు. అదే పేరు మార్చుకుని జియో అయి, 2016 సెప్టెంబరులో జనంలోకి వచ్చింది. అంటే కాలువ పారకముందే చేలు చూసుకున్నారన్నమాట.

మాది దివిసీమలో కాలువ చివరి భూమి. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయినా, 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చినా, చివరి చేనుకు నీరు చివరనే. నా చిన్నప్పుడు ఒక ఏడు నారుమళ్ళు ఎండిపోతుంటే మా నాన్న, మరికొందరు రైతులు లాకుల దగ్గర రెండు రోజులు కూర్చున్నారు. పలకరించిన నాథుడు లేడు. మూడోనాడు ఒక పత్రిక జిల్లా పేజీలో నాలుగు వాక్యాలు పడ్డాయి. సాయంత్రానికల్లా జీపు వచ్చింది. (నీళ్ళు రావడానికి ఇంకో నాలుగు రోజులు పట్టిందనుకోండి!) ఆ నాలుగు వాక్యాలు రాసిన విలేఖరికి జీతమిచ్చేదెవరన్న ఆలోచన మాకప్పుడు తట్టలేదు.

పత్రికల్లో ధనికుల సొమ్ము కొత్తేమీ కాదు. పారిశ్రామికవేత్త కె.ఎల్.ఎన్. ప్రసాద్ 1960లో విజయవాడలో 'ఆంధ్రజ్యోతి' పెడితే నార్ల వెంకటేశ్వరరావు సంపాదకులయ్యారు. అదే పత్రిక 2000లో మూతపడి 2002లో మళ్ళీ వెలువడింది. డబ్బు లేనిదే విలేఖరి లేడు, ఒప్పుకుంటాను. కాని ఆ రోజుల్లో పేపరు కట్టలు మోసిన బస్సు అన్ని పత్రికలదీ. ఇప్పుడు కొనేవాడి చేతిలో పత్రికతో పాటు బస్సూ, రోడ్డూ కూడా ఉన్నాయి. కాలువ తలదాపున చేలున్నవాడి చేతికే లాకు తాళం ఇస్తే మా చివరి భూముల గతేమిటి?

పోనీ, కొన్నవాడికైనా లాభమా? 2000 జనవరిలో అమెరికాలో ఏఓఎల్ అనే ఇంటర్నెట్ సంస్థ టైమ్ వార్నర్‌ను కొంటున్నట్టు ప్రకటించింది. చెల్లించింది రొక్కం కాదు, అప్పట్లో ఉబ్బిపోయిన షేర్లు. టెలిఫోను తీగ మీద నడిచే ఏఓఎల్ సేవను వదిలి జనం బ్రాడ్‌బ్యాండుకు మారారు. ఉబ్బు తీసి లెక్క రాసేసరికి 2002 ఒక్క ఏడాది నష్టం సుమారు 9,900 కోట్ల డాలర్లు. 2009లో రెండూ విడిపోయాయి.

సినిమాలు, ఆటలు, సీరియళ్ళు కావాలంటే కాలపరిమితి పెట్టుకుని ఒప్పందం మీద కొనుక్కోవచ్చు, దానికి సంస్థనే కొననక్కర్లేదు. వార్తల గదిలో మాత్రం కాలువ కలవాడి వాటా పావుకు మించరాదనీ, ఆ వాటా ఎంతో పాఠకుడికి కనబడేలా రోజూ అచ్చు వెయ్యాలనీ నా అభిప్రాయం. తెలుగు ఛానళ్ళ దగ్గర 24.5తో ఆగిన ఆ లెక్క, కారణం ఏదైనా, నాకు నచ్చింది.